పత్తాలు చేసినవాడి వంతు

మేళ్లచెరువు చుట్టుపక్కల ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల్లో ఒకదాని ప్యాకింగ్ విభాగంలో ఇస్రాయేలు పద్నాలుగేళ్లు పనిచేశాడు. ఖాళీ సంచి మూతిని యంత్రం గొట్టానికి తగిలించాలి. నిండగానే కింద నడిచే పట్టీ మీదికి వదలాలి. వెంటనే ఇంకో సంచి తగిలించాలి. షిఫ్టు దిగేసరికి కనురెప్పల వెంట్రుకలు కూడా బూడిదరంగుకు తిరిగేవి. ఇంతవరకైతే ఆ ప్రాంతంలో కొన్ని వందల మంది జీవితం ఇదే. ఇస్రాయేలు అదనంగా ఒక ఆట తయారుచేశాడు. బల్ల మీద ఆడే ఫుట్‌బాల్ ఆట. అందులో రాక్షసులు, జిన్నులు, గుట్ట దెయ్యాలు, మల్లయోధులు బంతి కోసం కొట్టుకునేవారు. ఫ్యాక్టరీలో చాలామంది దాన్ని ఏడేళ్లపాటు ఆడారు. తయారుచేసిన అతను మాత్రం అందులో చాలాకాలం ఆడలేకపోయాడు.

హుజూర్‌నగర్ దగ్గర ఒక చిన్న ఊరు అతనిది. తండ్రి పెద్ద రైతుల దగ్గర జీతం ఉండేవాడు. సొంత భూమి లేదు. మిషన్ హాస్టల్లో చదువుకునే రోజుల్లో డ్రిల్లు మాస్టారు అతని అరచేతుల వెడల్పు చూసి గోల్ కర్రల మధ్య నిలబెట్టాడు. చదువు పదో తరగతి లెక్కల దగ్గర ఆగింది. గోల్ కీపింగ్ ఆగలేదు. ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు కూలీగా వచ్చి, 1983లో పర్మనెంటు అయ్యాడు. మరుసటి ఏడాది కార్మికులు ఫుట్‌బాల్ జట్టు కడితే అతనే కీపర్. ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసే లతీఫ్ కెప్టెన్. సిమెంటు కాల్చే కొలిమి, కిల్న్ దగ్గర హెల్పరుగా ఉన్న కురుమయ్య ఫార్వర్డ్. కురుమయ్యది అచ్చంపేట దగ్గర అడవి అంచు పల్లె. కొలిమి కట్టడానికి వచ్చిన పాలమూరు మేస్త్రీ గుంపుతో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇస్రాయేలు కంటే ఆరేడేళ్లు చిన్న.

1985 డిసెంబరులో పక్క ఫ్యాక్టరీ జట్టుతో మ్యాచ్ జరిగింది. ఆట మొదలుకాక ముందు అవతలివాళ్లు ఇద్దరు గోల్ కర్రల వెనక కూర్చుని ఏదో పాతిపెట్టడం కురుమయ్య చూశాడు. లతీఫ్ వెళ్లి తవ్వితే పసుపు పూసిన నిమ్మకాయ బయటపడింది. దానికి ఏడు మేకులు గుచ్చి ఉన్నాయి. తీసి చెత్తకుప్పలో పారేశారు. అయినా మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. వాటిలో రెండు ఇస్రాయేలు చేతుల్లోకి వచ్చి జారినవే.

ఆ తర్వాత నాలుగు నెలలు ఫ్యాక్టరీలో అదే చర్చ. నిమ్మకాయ తీసిపారేసినా మంత్రం మట్టిలోనే ఉండిపోయిందని కొందరు. దాన్ని చేత్తో ముట్టుకున్నందువల్లే పట్టుకుందని ఇంకొందరు. చేతులకు చెమట పట్టింది, గంతే అని ఇస్రాయేలు అంటే ఆ చెమట ఎందుకు పట్టిందో చెప్పమని అడిగారు.

1986లో మైదానం పోయింది. కొలిమిలో కాలి వచ్చే క్లింకర్ గడ్డల నిల్వకు జాగా చాలక యాజమాన్యం అందులోనే కుప్పలు పోయించింది. జట్టు చెదిరిపోయింది. క్యాంటీన్ పక్కన కార్మికుల కోసం ఇచ్చిన గదిలో ఒక క్యారమ్ బోర్డు, రెండు బెంచీలు ఉండేవి. ఆ వానాకాలం ఇస్రాయేలు యంత్రాలు వచ్చిన పెట్టె చెక్కలు తెచ్చి పెద్ద పలక చేశాడు. దాని మీద పొడవుకు ఇరవై నాలుగు, అడ్డంగా పదమూడు గళ్లు గీశాడు. సోడా మూతలు ఏరుకొచ్చి, వాటిలో సిమెంటు నింపి ఆరబెట్టి, పైన నంబర్లు వేశాడు. జట్టుకు పదకొండు. పాచిక వేసి, పడినన్ని గళ్లు మూతను జరపాలి. ఎదురుపడిన మూతను పడగొట్టాలన్నా, బంతిని గోల్లోకి కొట్టాలన్నా మళ్లీ పాచికే.

రెండు ఆదివారాలు అందరూ ఎగబడ్డారు. మూడో ఆదివారానికి నలుగురు మిగిలారు. ఎందుకు రావట్లేదని కురుమయ్యను అడిగాడు ఇస్రాయేలు.

"ఓడిపోయినోడు చెప్పుకోనీకి ఏమన్న ఉండాలె గదన్నా" అన్నాడు కురుమయ్య. "పాచిక సక్కగ పడలే అని ఎన్నిసార్లని చెప్పుకుంటం?"

ఆ మాట ఇస్రాయేలుకు పట్టింది. మైదానంలో ఆడిన రెండేళ్లలో మ్యాచ్ అయ్యాక తాను విన్న సాకులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు. వాళ్లు ముందే ఎత్తు వేసుకొచ్చారు. వాళ్లు తొండి చేశారు. వాళ్లు మంత్రం వేశారు. వాళ్ల ఫార్వర్డు మొలతాడుకు తాయెత్తుంది. చూసేవాళ్లు లొల్లి పెట్టి ఆట చెడగొట్టారు. ఆఖరి నిమిషంలో మాకు పూనకం వచ్చింది, ఇంకో ఐదు నిమిషాలుంటే గెలిచేవాళ్లం. ఇలా సుమారు డెబ్బై సాకులు తేలాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఆరు రకాలే. ఆ ఆరు రకాలనూ పేకముక్కల్లాంటి పత్తాలుగా చేశాడు. రకానికి పన్నెండు, మొత్తం డెబ్బై రెండు.

ఎత్తు పత్తా వేస్తే ఇద్దరు ఆటగాళ్లను ఒకేసారి కదపొచ్చు, లేదా బంతిని తల మీదుగా దాటించొచ్చు. తొండి పత్తాకు చొక్కా పట్టి లాగడం, కాలు అడ్డం పెట్టడం, పన్నెండో ఆటగాణ్ణి దొంగచాటుగా దింపడం. అయితే తొండి వేసినవాడు పాచిక వెయ్యాలి. ఒకటి పడితే రిఫరీ చూసినట్టు, ఆ ఆటగాడు బయటికి. లొల్లి పత్తా ఇద్దరికీ నష్టమే. బర్రె మైదానంలోకి వస్తుంది, వాన పడుతుంది, జనం బంతి ఎత్తుకుపోతారు. తాయెత్తు పత్తాను మొదట్లోనే ఒక మూత కింద పెట్టి, ఆట అయ్యేదాకా ఉంచాలి. ఆఖరి రకం పత్తా వెనకబడిన జట్టుకే, అదీ చివరి రెండు వంతుల్లోనే.

ఇక మంత్రం పత్తాలు. వీటి మీద ఎక్కువ వాదన జరిగింది. కొందరు కావలసినన్ని ఉండాలన్నారు. కొందరు అసలు వద్దన్నారు. ఇస్రాయేలు వినలేదు. "మంత్రమున్నదంటే ఉండనీయ్" అన్నాడు. "దానిక్కూడ ఒక లెక్కుండాలె." మ్యాచుకు జట్టుకు ఒకే మంత్రం. వేశాక అయిపోయింది. తర్వాత ఓడిపోతే మంత్రం మాట ఎత్తకూడదు. మంత్రాలొచ్చాక జట్లకూ రాక్షసులు, జిన్నులు, గుట్ట దెయ్యాలు, మల్లయోధులు అని పేర్లు, తలో బలం పెట్టాడు.

గది మళ్లీ నిండింది. ఆదివారాలు చాలక, ఉదయం షిఫ్టు దిగినవాళ్లు మూడు గంటలకే వచ్చి కూర్చునేవారు. ఓడినవాడు పత్తా ఎత్తి చూపించి తిట్టేవాడు. గెలిచినవాడు కూడా అదే పత్తా చూపించి నవ్వేవాడు.

తయారీలోనే ఒక తప్పు జరిగింది. గోనెసంచులు తగ్గి కాగితం సంచులు వస్తున్న కాలమది. పగిలిన సంచులు రోజూ పదుల్లో పక్కన పడేవి. ఇస్రాయేలు వాటి లోపలి పొరలు విడదీసి, నాలుగేసి పొరలు మైదా పిండితో అంటించి, బండ కింద పెట్టి, ఆరాక పత్తాలుగా కోశాడు. సంచి అడుగున కుట్టు వేసిన చోట సూది రంధ్రాలుంటాయి. ఒక పత్తాకు మూలలో రెండు రంధ్రాలు, ఇంకోదానికి అంచున నాలుగు. ఒకదానికి మడత గీత, ఒకదానికి పిండి మరక. అందరికీ అవన్నీ ఒకే ఖాకీ ముక్కలు. రోజుకు వందల సంచుల మూతులు పట్టుకుని, పగులు వస్తుందో రాదో వేలితో తడిమి చెప్పగలిగే మనిషికి అవి డెబ్బై రెండు వేర్వేరు ముఖాలు.

పత్తాలు చేతిలో పట్టుకుంటే చొక్కా జేబుల్లోకి పోతున్నాయని, బల్ల మీద బోర్లించి పెట్టాలని మొదటి వారమే నిర్ణయమైంది. అంటే ఎదుటివాడి పత్తాల వెనకభాగం ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది.

ఇస్రాయేలు కురుమయ్యతో ఆడాడు. నాలుగో వంతులో తన కీపర్ను రెండు గళ్లు పక్కకు జరిపాడు. ఆ వంతులోనే కురుమయ్య మంత్రం వేశాడు. కీపర్ నిలబడే చోట పాము పుట్టే మంత్రం అది. పాము పుట్టింది, అక్కడ కీపర్ లేడు. కురుమయ్య ఆట ఆపి, పత్తాను తిప్పి తిప్పి చూశాడు. మూలలో రెండు రంధ్రాలు కనిపించాయి.

"నీకు ముందే తెలుసు గదన్నా" అన్నాడు.

కావాలని చూడలేదని ఇస్రాయేలు చెప్పాడు. అది నిజమే. చూడకుండా ఉండటం అతని వల్ల కాలేదు. చుట్టూ ఉన్న పదిహేను మంది ఒకే మాట అన్నారు, తొండి.

ఆ తర్వాత చాలా తంటాలు పడ్డాడు. పత్తాలన్నిటి వెనకా రెడాక్సైడ్ రంగు పూశాడు. వారంలో కుంచె గీతలు గుర్తుపట్టేశాడు. ఎదుటివాడు పత్తాల మీద తువ్వాలు కప్పి ఆడాడు. అప్పుడు కట్టలో పైనున్న పత్తా ఏదో ఇస్రాయేలుకు తెలిసిపోయేది. కొత్తవి చేశాడు. చేసింది తానే, కోసింది తానే, రాసింది తానే. ప్రతిసారీ అతను గెలుస్తుంటే అందరికీ అనుమానం. ఓడిపోతుంటే కావాలని ఓడుతున్నాడని ఎదుటివాడికి కోపం. 1987 ఎండాకాలం నాటికి బల్ల ముందు కూర్చోవడం మానేసి, పక్కన స్టూలు వేసుకుని రిఫరీ అయ్యాడు.

మంచి రిఫరీ అని పేరొచ్చింది. తగాదా వచ్చిన ప్రతిసారీ తీర్పు చెప్పి, దాన్ని నోటుపుస్తకంలో నంబరు వేసి రాసేవాడు. ఆ పుస్తకమే రూల్స్. తీర్పు మీద మూడుసార్లు వాదించినవాడు ఒక వంతు గది బయట నిలబడాలని కూడా అందులోనే ఉంది. ఏడేళ్లలో అందరికంటే ఎక్కువసార్లు బయట నిలబడింది లతీఫ్. పద్నాలుగు సార్లని తానే చెప్పుకునేవాడు.

ఏటా డిసెంబరులో విభాగాల మధ్య పోటీ జరిగేది. కిల్న్, క్వారీ, ఎలక్ట్రికల్, వర్క్‌షాపు, ప్యాకింగ్. ప్యాకింగ్ వాళ్లు ఒక్కసారీ రెండో రౌండు దాటలేదు. ఆట చేసినవాడు మనవాడే, ఆడేవాడు మాత్రం మనకు లేడని వాళ్లు ఎత్తిపొడిచేవారు. ఇస్రాయేలు నవ్వి ఊరుకునేవాడు. అతని భార్య సాలమ్మ క్యాంటీన్లో పళ్లేలు కడిగేది. పళ్లేలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఆట గురించి మాట్లాడుకునేవన్నీ ఆమెకు వినిపించేవి. భర్త మ్యాచుల రోజు ఇంటికొచ్చి, ఫలానావాడు ఫలానా పత్తాను తప్పుగా వాడాడని, తానైతే ఎలా వేసేవాడో అన్నం తింటూ చెప్పేవాడు. ఏడేళ్లు విన్నది.

1993 వానాకాలంలో ఒకరోజు ఆమె మధ్యలోనే ఆపింది.

"నీకు పత్తాలన్ని తెలుసుడే గద తిప్పలు. నువ్వు చెయ్యకు. వాళ్లనే రాయమను."

"రూల్స్ తెలువకుంట ఎట్ల రాస్తరే?"

"ఏడేండ్ల సంది ఆడుతున్నరు. నీకంటె వాళ్లకే ఎక్కువ తెలుసు."

ఆ మాట ఇస్రాయేలుకు నచ్చలేదు. మూడు వారాలు ఆ సంగతి ఎత్తలేదు. ఒక్కో పత్తా తాను ఆలోచించి రాసింది. ఏ మంత్రం ఎంత బలంగా ఉండాలో, ఏ తొండికి ఎంత ప్రమాదం పెట్టాలో తూచి రాసింది. ఎవరికి తోచింది వాళ్లు రాస్తే ఆట పాడవుతుందని అతని భయం. ఆడాలంటే మాత్రం ఆ భయం వదులుకోవాలి. నాలుగో వారం సాలమ్మకు సరే అన్నాడు.

ఆమె పద్ధతిగా చేసింది. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదువుకున్న మనిషి. డెబ్బై రెండు చీటీలు కోసి, పైన రకం పేరు రాసి, భోజనానికి వచ్చినవాళ్లకు పంచింది. తొండి, మంత్రం, ఎత్తు, ఎవరికి ఏ చీటీ వస్తే అదే. నింపి మడిచి, పళ్లెంతో పాటు ఆమెకే ఇవ్వాలి. ఇస్రాయేలుకు చూపించకూడదు, చెప్పకూడదు. మూడింటిలో బూతులు వచ్చాయి. రాసినవాళ్లెవరో చేతిరాత బట్టి కనిపెట్టి, వాళ్లనే పిలిచి మళ్లీ రాయించింది. పిల్లల నోటుపుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం తెప్పించి, భర్త షిఫ్టులో ఉన్నప్పుడు అంటించి, రోలు కింద పెట్టి ఆరబెట్టింది. అదంతా పూర్తయ్యేసరికి డిసెంబరు పోటీలు దాటిపోయాయి.

ఇంకో చిక్కు మిగిలింది. ఇస్రాయేలు ఆడితే రిఫరీ ఎవరు? లతీఫ్ తాను చేస్తానన్నాడు. గదిలో నవ్వులు లేచాయి. అన్నిసార్లు బయటికి పంపబడ్డ మనిషికి రూల్స్ ఎవరికంటే బాగా తెలియాలి అని లతీఫ్ వాదన. దాన్ని కాదనడం ఎవరి వల్లా కాలేదు. ఇస్రాయేలు నోటుపుస్తకం, ఈల అతని చేతిలో పెట్టాడు.

1994 జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్. కిల్న్ తరఫున కురుమయ్య, రాక్షసుల జట్టు. ప్యాకింగ్ తరఫున ఇస్రాయేలు, మల్లయోధులు. మల్లయోధులు మెల్లగా నడుస్తారు గానీ ఒక పట్టాన పడరు. గుట్ట దెయ్యాలు ఇంకా బాగుంటాయి గదా అని ఎవరో అంటే, పాస్టరు గారికి తెలిస్తే ఎవడు జవాబు చెప్తాడు అన్నాడు ఇస్రాయేలు.

చెరి ఐదు పత్తాలు తీసుకున్నారు. ఇస్రాయేలు తనవి ఎత్తి చూసి చాలాసేపు కింద పెట్టలేదు. అన్నీ కొత్తవి. ఒకటి తాయెత్తు. చేతిరాత ఎవరిదో తెలియదు. 'కోటప్పకొండ నుంచి తెచ్చిన తాయెత్తు, కట్టుకున్నవాడి మీద మంత్రం పారదు' అని ఉంది. దాన్ని తన కీపర్ మూత కింద పెట్టాడు. బోర్లించిన కురుమయ్య పత్తాల వైపు చూశాడు. ఐదు ఖాకీ ముక్కలు. అంతకుమించి ఏమీ తెలియలేదు.

మొదటి సగం ఎనిమిది వంతుల్లో చెరొక గోల్ పడింది. తొలి గోల్ ఇస్రాయేలుదే. ఎత్తు పత్తా వేసి ఇద్దరు మల్లయోధులను ఒకేసారి కదిపి, దారి తీసి కొట్టాడు. కురుమయ్య తొండి వేసి సమానం చేశాడు. బంతికి బదులు గుమ్మడికాయ దొర్లించి, ఎదుటివాళ్లు దాని వెంట పడగానే అసలు బంతిని కొట్టడం ఆ తొండి. అది రాసింది తానేనని వెనక నుంచి ఎవరో ఒప్పుకున్నారు. ఇస్రాయేలు పెద్దగా నవ్వాడు.

రెండో సగం ఆరో వంతులో కురుమయ్య మంత్రం పత్తా తిప్పాడు. లతీఫ్ దాన్ని తీసుకుని బయటికి చదివాడు. 'గోల్ కర్రల మధ్య బావి పుట్టింది. ఈ ఒక్క వంతు అక్కడ ఎవరూ నిలబడలేరు.'

ఇస్రాయేలు కీపర్ మూతను ఎత్తి కింద ఉన్న తాయెత్తు పత్తా చూపించాడు. లతీఫ్ దాన్నీ చదివాడు. రెండు పత్తాలనూ చెరో చేతిలో పట్టుకుని కొంతసేపు చూశాడు. తర్వాత ఈల ఊదాడు.

"కీపర్ పోయిండు."

"తాయెత్తున్నది లతీఫ్ భాయ్. మంత్రం పారది."

"మనిషి మీద పారది. ఇది మనిషి మీద వేసింది కాదు. బావి. తాయెత్తు కట్టుకున్నోడైన బావిల పడ్తడు గద?"

గదిలో నవ్వారు. అందరూ ఇస్రాయేలు వైపు తిరిగారు. ఏడేళ్లుగా అలవాటు అది. ఇప్పుడు రిఫరీ వేరైనా, ఆఖరి మాట కోసం అతని వైపే చూస్తారు.

ఇస్రాయేలుకు ఈ తీర్పు తెలుసు. 1988లో ఇలాంటిదే ఒకటి వచ్చింది. పాము మంత్రం, తాయెత్తు కట్టిన కీపర్. నేల మీద వేసినా, గాలిలో వేసినా, ఏ రకం మంత్రమైనా తాయెత్తు కట్టినవాణ్ణి ఏమీ చెయ్యలేదని అతనే తేల్చి, ముప్పై ఒకటో పేజీలో రాశాడు. పుస్తకం లతీఫ్ తొడ కింద ఉంది. పేజీ నంబరు చెబితే చాలు. కీపర్ తిరిగొస్తాడు. ఆ వంతు గడిచిపోతుంది. కానీ ఆ నంబరు చెప్పిన క్షణం నుంచి అతను మళ్లీ రిఫరీ. అవతల కూర్చున్న కురుమయ్య మళ్లీ ఆట చేసినవాడితో ఆడుతున్నట్టే.

ఇస్రాయేలు పేజీ నంబరు చెప్పలేదు.

"ఒక్క పూటల బావెట్ల తవ్వుతరు?" అన్నాడు.

"మంత్రమే గద" అన్నాడు కురుమయ్య.

"మా మల్లయోధునికి ఈత రాదా? బావిలకెళ్లి ఎక్కి వస్తడు."

"ఇస్రాయేలు, ఒకటి" అని లతీఫ్ వేలు చూపించాడు.

"నీళ్లున్నయో లేవో పత్తాల రాయలే. మా గుట్టల మీద నూరు గజాలు తవ్వినా నీళ్లు పడయి. ఒట్టి బావైతే అండ్ల నిలబడ్తడు."

"రెండు."

"నిలబడి చేతులు పైకి చాపితె బంతి దొరుకుతది. కావాల్నంటె కొలువు."

"మూడు. బయటికి నడువ్."

గది గొల్లుమంది. ఇస్రాయేలు లేచి, తలుపు దాటి వరండాలో నిలబడ్డాడు. క్యాంటీన్ గోడ దగ్గర పళ్లేలు ఆరబెడుతున్న సాలమ్మ అతన్ని చూసి, ఏమైంది, ఆట అయిపోయిందా అని అడిగింది. బయటికి పంపారని చెప్పాడు. ఎవరు పంపారంటే లతీఫ్ అన్నాడు. ఆమె చేతిలో పళ్లెం పట్టుకునే నవ్వింది. లోపల ఒక అరుపు వినిపించింది. గోల్ పడినట్టుంది అన్నాడు ఇస్రాయేలు.

తిరిగి లోపలికి వెళ్లేసరికి రెండు వంతులు మిగిలాయి. రెండు ఒకటితో వెనకబడి ఉన్నాడు గనక ఆఖరి రకం పత్తా ఒకటి తీసుకున్నాడు. చీటీ నిండా ఇరుకిరుకు అక్షరాలు. జట్టు మొత్తం ఒక్కసారి పరిగెత్తొచ్చు, గోల్ దగ్గరికి చేరినవాడు పాచికలో ఐదో ఆరో పడితే గోల్. పదకొండు మల్లయోధులనూ పరిగెత్తించాడు. ఒకడు చేరాడు. పాచిక వేశాడు. మూడు పడింది. చివరి వంతులో బంతి అతని దాకా రాలేదు.

కురుమయ్య లేచి చెయ్యి ఇచ్చాడు. ఇస్రాయేలు చెయ్యి కలిపి, బావి మంత్రం రాసినవాడెవడో తేలాలని కేకేశాడు. ఎవరూ ఒప్పుకోలేదు. సాయంత్రం చీకటి పడేదాకా ఆ బావి గురించే మాట్లాడాడు. నీళ్లుంటాయా, గట్టు ఉంటుందా, ఎంత లోతు. వినేవాళ్లకు విసుగొచ్చి వెళ్లిపోతుంటే వరండా దాకా వెంట వెళ్లి మరీ మాట్లాడాడు.

మరునాడు మధ్యాహ్నం రెండు గంటల సైరన్ మోగాక లతీఫ్ ప్యాకింగ్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో నోటుపుస్తకం. వేలు ముప్పై ఒకటో పేజీలో పెట్టుకుని ఉన్నాడు. రాత్రి కూర్చుని రూల్స్ మొదటి నుంచి చదివాడట. ఇస్రాయేలు ముఖం తుడుచుకుంటూ వచ్చాడు.

"నువ్వు రాసిందే ఉన్నది గిండ్ల. ఏ రకం మంత్రమైన అని" అన్నాడు లతీఫ్. "నేను తప్పు చెప్పిన. ఆ గోల్ తీసేసి, ఆరో వంతు నుంచి మళ్ల ఆడిపిస్త."

"నిన్న రిఫరీ ఎవరు?"

"నేనే."

"మరి నన్నెందుకు అడుగుతున్నవ్?"

"నీకు యాదికి లేకుండెనా ఈ పేజీ?"

ఇస్రాయేలు తల వంచి చొక్కా మీది సిమెంటు దులుపుకున్నాడు. లతీఫ్‌కు అర్థమైంది. కొంచెం కోపం కూడా వచ్చింది. తెలిసీ ఊరుకుని తనతో పదిమందిలో తప్పు చేయించావని అన్నాడు. ఆట నీది, ఒక్క మాట చెప్తే అయిపోయేది కదా అన్నాడు.

"ఆట నాదైతే నన్ను ఆడనియ్యరు లతీఫ్ భాయ్" అన్నాడు ఇస్రాయేలు. "ఏడేండ్లు చూసినవ్ గద."

ఇద్దరూ గేటు నుంచి కాలనీ దాకా నడిచారు. దారిలో లతీఫ్ మళ్లీ అడిగాడు. పుస్తకంలో ఒకటుండి, తీర్పు ఇంకోటైతే రేపు ఎవడో ఒకడు ఈ పేజీ తెరిచి గొడవ చేస్తాడు, ఏదో ఒకటి తేలాలి. నువ్వే రాయి అని పుస్తకం, పెన్ను ఇవ్వబోయాడు. ఇస్రాయేలు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడే గానీ అందుకోలేదు. రాసేది రిఫరీ అన్నాడు. బావి సంగతి తనకు సరిగ్గానే తోచిందని లతీఫ్ అనుకుంటే అదే రాయమన్నాడు. తప్పనిపిస్తే కొట్టేయమన్నాడు.

లతీఫ్ కాలనీ మలుపులో కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. చాలాసేపు ఆలోచించాడు. పాత తీర్పును కొట్టెయ్యలేదు. దాని కింద మూడు లైన్లు రాశాడు. పాము మనిషిని వెతుక్కుంటూ వస్తుంది, కాబట్టి తాయెత్తు ఆపుతుంది. బావి ఎవరి కోసమూ రాదు, ఉన్నచోట ఉంటుంది, కాబట్టి ఆపదు. ఆదివారం గోల్ చెల్లుతుంది. కింద సంతకం చేసి తేదీ వేశాడు. రాసింది చదివి వినిపించాడు.

"పాము సంగతి నాకు తట్టలే" అన్నాడు ఇస్రాయేలు. తర్వాత, "అయినా ఒట్టి బావైతే నిలబడ్తడు" అన్నాడు.

"మూడుసార్లయింది. ఇంక ఊకో."

గదిలో తలుపు పక్కన ఒక పలక వేలాడుతుండేది. ఆడదలచినవాళ్లు వరసగా పేర్లు రాయాలి. మరుసటి ఆదివారం ఇస్రాయేలు చర్చి నుంచి ఇంటికి వెళ్లి, భోంచేసి, మూడింటికి గదికి వచ్చాడు. అప్పటికే పలక మీద ఎనిమిది పేర్లున్నాయి. తొమ్మిదోది రాశాడు. చాలామంది ముందు తనను ఆడమన్నారు గానీ ఒప్పుకోలేదు. బెంచీ చివర కూర్చుని నాలుగు మ్యాచులు చూశాడు. నాలుగోది తెగకుండా సాగింది. దాని తొమ్మిదో వంతులో లతీఫ్ ఇచ్చిన ఒక తీర్పు మీద బెంచీ మీద నుంచే గట్టిగా అభ్యంతరం చెప్పాడు. చూసేవాళ్లకు మాట లేదని లతీఫ్ అన్నాడు. అది కూడా పుస్తకంలో ఉన్నదే. మ్యాచ్ అయ్యేసరికి వెలుతురు పోయింది. ఆ రోజు అతని దాకా వంతు రాలేదు. తర్వాతి ఆదివారం చర్చి నుంచి సరాసరి వచ్చి, పలక మీద మొదటి పేరు రాసి, అప్పుడు ఇంటికి భోజనానికి వెళ్లాడు.